జాజు గీత
పదకొండవ భాగం

"అహల్యా, గా కొడవలి కింద పెట్టు. ఊరోళ్లు చూస్తున్నరు."

మొగుడు జగపతి ఆ మాట అనడం ఇది మూడోసారి. మొదటిసారి అరుగు మీద కూర్చునే అన్నాడు. రెండోసారి కొట్టం దాకా వచ్చి అన్నాడు. ఇప్పుడు ఆమె వీపు వెనకే నిలబడి, గొంతు తగ్గించి అన్నాడు.

అహల్య చెయ్యి ఆగలేదు. పశువుల కొట్టం గోడను కొడవలి మొనతో గీకుతూనే ఉంది. సున్నం పెచ్చులు తల మీద, భుజాల మీద రాలుతున్నాయి. పాలు పితికినప్పటి నుంచి ఇదే పని. పొయ్యి రాజేయలేదు, వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లలేదు. దంతాలపల్లిలో తమ్ముడి దినాలు చేసుకుని నిన్ననే వచ్చింది కదా, దుఃఖంలో ఉందిలే అని పనివాళ్లు తప్పుకుని తిరుగుతున్నారు. అది ఒట్టి దుఃఖం కాదని జగపతికి మాత్రం తెలుసు.

"చూడనీ," అంది అహల్య వెనక్కి తిరగకుండా. "గోడ నాదే గద. మీ అవ్వ నా పేర చేసింది."

"గోడ ఎవలదని గాదు. పొద్దుపొద్దుగాల గిదేం పని?"

"గీత కోసం."

జగపతి ఇంకేమీ అడగలేదు. ఏ గీత అని అడిగి ఉంటే ఆమెకు ఇంకా కొంచెం నమ్మకం మిగిలేదేమో.

అది వాగు వైపు గోడ. ఇల్లూ కొట్టమూ కోడలి పేర రాసిచ్చిన అత్త రుక్మిణమ్మ బతికున్న రోజుల్లో దాని మీద ఎర్రటి గీతలు ఉండేవి. పెద్దవాగు పొంగి ఇంటి మీదికి వచ్చి తగ్గిన మర్నాడు, ఇంటి కోడలు నీళ్లు ఎక్కడిదాకా తాకాయో చూసి, అక్కడ ఎర్రమట్టి జాజుతో ఒక గీత గీయాలి. మూడు పసుపు బొట్లు పెట్టాలి. పిడికెడు బియ్యం వాగులో వదలాలి. ఇంతవరకు వచ్చినవు తల్లీ, ఇక దాటకు అని చెప్పుకోవడం. ఏటిగడ్డలో మరే ఇంట్లోనూ లేని ఆచారం అది. రుక్మిణమ్మకు చదువు రాదు, సంవత్సరాల లెక్క తెలియదు. "గిది రజాకార్ల ఏటిది, గిది నల్లావు సచ్చిన ఏటిది" అని వేలు పెట్టి చూపించేది. అన్నిటికంటే పైన, మనిషి రొమ్ము ఎత్తులో ఉన్నది ఆమె పెద్దబిడ్డ పురిటి గీత. ఆ ఏడు బాలింతను అటక మీదికి ఎక్కించారట.

మొన్న వాగు వచ్చి పోయినప్పుడు తెల్లటి గోడ మీద బురద చార మిగిలింది. అహల్య ఆ చార పట్టుకునే గీకుతోంది. పదకొండేళ్లు, ఏటేటా దసరాకు వేసిన సున్నం, అట్టలు అట్టలుగా ఊడింది. బురద చారకు రెండు వేళ్ల పైన, ఆఖరి పొర కింద, ఎర్రగా కనపడింది. ఆమె కొడవలి పడేసి గోటితో గీకింది. బెత్తెడు గీత బయటపడింది.

"చూడుండ్రి," అంది. "పెద్దబిడ్డ పురిటి గీత. మొన్నటి వాగు దీన్ని గూడ దాటలే. రెండు వేళ్లు తక్కువనే వచ్చింది. కొత్తగ ఎన్నడు రానంత నీళ్లేం రాలే."

"వాగన్నంక వస్తది, పోతది."

"వంతెన మీదికెల్లి పోయింది. నా తమ్ముని మీదికెల్లి పోయింది."

జగపతి కొట్టం వాకిలి వైపు చూశాడు. గోడ అవతల ఇద్దరు ముగ్గురు తలకాయలు కనబడుతున్నాయి. "లోపటికి రా. కూసోని మాట్లాడుకుందం."

"డెబ్బై రెండుల ఇంజనీర్లు వస్తున్నరని ముందటి దినం నాతోని సున్నం ఏపిచ్చిన్రు. యాదికున్నదా?"

"ఆఫీసర్లు వస్తరు, ఇల్లు జర మంచిగుండాలె అని..."

"ఇంటికి ఏపియ్యలే. కొట్టానికి ఏపిచ్చిన్రు."

ఇంత చిన్న సంగతి పదకొండేళ్లుగా తనకు ఎందుకు తట్టలేదో అహల్యకు అర్థం కాలేదు. ఇల్లంతా వదిలేసి ఎవరైనా పశువుల గోడకు సున్నం వేయిస్తారా? మొగుడి మీద ఎంత కోపంగా ఉందో, ఆనాటి తన మీద తనకు అంతే కోపంగా ఉంది. సున్నం కుచ్చు పట్టుకుని, కొంగు నడుముకు చుట్టి, పాటలు పాడుతూ పూసింది మరి.

"అత్తమ్మ గీతలు పోతయి గద అన్న. ఏమన్నరు మీరు? వాళ్లు పోయినంక మల్ల గీసుకుందువు తియ్ అన్నరు. వంతెన వచ్చినంక, ఇగ గీతలతోని ఏం పని అన్నరు. నేను నవ్విన గూడ."

"ఎవలు నింపిన్రు నీ చెవులల్ల గివన్ని?"

"సోమనర్సయ్య సారు."

బడిలో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన సోమనర్సయ్య, చంద్రమౌళి దినాలకు దంతాలపల్లి దాకా వచ్చాడు. తిండి ముట్టకుండా అహల్యను పక్కకు పిలిచి చెప్పాడు. ఆ మాటలే ఆమె ఇప్పుడు మొగుడికి అప్పజెప్పింది.

"వంతెన ఎంత ఎత్తు గట్టాల్నో ఇంజనీర్లకు కలల రాదట. వాగు ఎంత పెద్దగ వచ్చిందో ఊళ్లె అడుగుతరట. గోడల మీది గుర్తులు చూస్తరట. గుర్తు ఎంతుంటె వంతెన దానికంటె ఎత్తు. 'మీ కొట్టం గోడ గా దినం తెల్లగ మెరిసింది బిడ్డా, నేను చూసిన' అన్నడు. అప్పుడెందుకు నోరు తెర్వలే సారూ అని అడిగిన. 'జగపతితోని పెట్టుకుంటె నన్ను ఏ మహదేవపూర్ అడివికో బదిలీ చేపిస్తడని భయపడ్డ' అన్నడు. ఏడ్సిండు. నాకైతె ఏడుపు రాలే."

జగపతి భుజం మీది తువ్వాల తీసి ముఖం తుడుచుకున్నాడు. బుకాయిస్తాడనుకుంది అహల్య. బుకాయించలేదు. అది ఆమెకు మరింత మంటపుట్టించింది.

"ఔ, ఏపిచ్చిన. ఏం జెయ్యమంటవు? నిజం జెప్తె పెద్ద వంతెన గావాలంటరు. పెద్ద వంతెనంటె ఫైలు హైదరాబాదుకు పోవాలె. గాడికి పోయిన మన ఫైలు ఎన్నడన్న మల్లొచ్చిందా? పక్కూరు పైరేవు కాడ గట్టు ఎత్తున్నది, వంతెన గాడనే కట్టాల్నని ఆ ఊరోళ్లు కాచుకోని కూసున్నరు. నేను సత్యవంతున్ని అయితె ఏటిగడ్డకు ఏమొస్తుండె? ఏం రాకపోవు. చిన్నదో పొట్టిదో, వంతెన వచ్చింది. ఇన్నేండ్ల నుంచి ఎంతమంది ఆడోళ్లు పురిటినొప్పులతోని దాని మీదికెల్లి దవాఖానకు పోయిన్రో గది గూడ అడుగు మీ సోమనర్సయ్యను."

"మన మిల్లుకొచ్చే వడ్ల బండ్ల సంగతి గూడ అడగాల్నా?"

జగపతి తువ్వాల మళ్లీ భుజాన వేసుకున్నాడు. కొట్టంలో బర్రె కుడితి కోసం గోలెం చుట్టూ తల తిప్పింది.

ఈ జగపతే అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో చంద్రమౌళితో కలిసి వరంగల్ రోడ్డు మీద కూర్చున్నాడు. మా రోడ్ల పైసలు ఏవి, మా వంతెనల పైసలు ఎవడు తిన్నాడు అని గొంతు పోయేలా అరిచాడు. ఆనాటి లాఠీ దెబ్బ చంద్రమౌళి కుడి మోకాలి మీద పడింది. బావాబామ్మర్దులు జైల్లో ఒకే గదిలో ఉన్నారు. బయటికి వచ్చి రెండేళ్లు తిరగకుండానే జగపతి పార్టీ మారాడు. మారినందుకు ఏమిచ్చిండ్రు అని బామ్మర్ది అడిగితే, మా ఊరికి వంతెన అని రొమ్ము విరిచి చెప్పాడు. చంద్రమౌళి చాలాకాలం ఈ గడప తొక్కలేదు. చివరికి తనే తగ్గాడు. వంతెన ప్రారంభం నాడు కుంటుకుంటూ వచ్చి, "పార్టీ పోతె పోయింది బావా, ఊరికి తొవ్వ వచ్చింది" అని జగపతి మెడలో దండ వేశాడు.

"వాడు బిడ్డ లగ్గం ఖాయమైందని చెప్పెతందుకు వచ్చిండు," అంది అహల్య. "టేకుమట్ల కాడ బస్సు దిగి నడుసుకుంట వచ్చిండు. ఎంబడి ఇద్దరున్నరట. వంతెన మీదికి నీళ్లు రాంగనే వాళ్లు వెనుకకు ఉరికి బతికిన్రు. వీడు ఉరకలే. ఎట్ల ఉరుకుతడు? గా మోకాలు మీరు, వాడు కలిసి తెచ్చుకున్నదే గద."

"నేను వాన్ని సంపుకున్ననా? నాకు బాధ లేదా?"

"ఉన్నదేమో. నాకు కనవడ్తలేదు."

అంతలో కొట్టం వాకిలి దగ్గర గాజుల చప్పుడైంది. సుక్కి. తండా నుంచి పరుగున వచ్చినట్టుంది, రొప్పుతోంది. ఆమె మొగుడు భద్రు రోడ్డు గ్యాంగులో కూలీ. ఇంజనీర్లు సర్వేకు వచ్చిన నాడు గజంబద్ద మోసినవాడు అతనే.

"దొర్సానీ! మావోన్ని బడికాడ కూసోపెట్టిన్రు. వరంగల్ నుంచి పెద్ద ఇంజనీరు వచ్చిండు. వాగు గీడిదాకనే వస్తదని మావోడు తప్పు చూపెట్టిండట. గందుకే వంతెన తక్కువ గట్టిన్రట. నౌకరి తీసేస్తరట, కేసు పెడ్తరట."

"ఎవలన్నరు?"

సుక్కి జగపతి వైపు చూసి తల దించుకుంది. "దొరనే చెప్పిండట."

అహల్య మొగుడి వైపు తిరిగింది. అతను గోడ మీది గీతను చూస్తున్నాడు.

"మా తండ గుట్ట మీదుంది దొర్సానీ," సుక్కి ఏడుస్తోంది. "వాగు ఎంత వస్తదో మావోనికేం ఎర్క? నీ తమ్ముని చావు తెచ్చి మా మెడకు గట్టిన్రు. రేపు ఊరోళ్లు మమ్ముల బతకనిస్తరా?"

"నువ్వు జర బయట ఉండు," అన్నాడు జగపతి. సుక్కి కదిలేదాకా ఆగి, అహల్య మోచెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయాడు. ఆమె విదిలించుకోలేదు. ఇంకా ఏం చెబుతాడో వినాలనిపించింది.

"ఇను. పాత ఫైలు చెదలు తిన్నదట. ఇగ మనం చెప్పిందే కాయితం. ఎవడో ఒకడు చెప్పిండని రాసుకోకుంటె ఇంజనీరు పోడు. భద్రుగాని నౌకరి పోతె మన మిల్లుల పెట్టుకుంట. కేసంటవా, రెండేండ్లు నడుస్తది, కొట్టేస్తరు. నా పేరు పోతె మల్ల రాదు. వంతెన శిలాఫలకం మీద ఉన్నది నా పేరు."

"భద్రుకు గీ సంగతి చెప్పిన్రా?"

"చెప్త. మెల్లగ చెప్త."

"నాకు చెప్పినట్టా?"

జగపతి నీళ్ల చెంబు తీసుకున్నాడు, తాగకుండానే కింద పెట్టాడు. "నువ్వు బడికాడికి రాకు అహల్యా. నీ మంచికే చెప్తున్న."

ఆ ఆఖరి మాటను ఆమె బెదిరింపనుకుంది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో అతను ఆమెను బెదిరించడం అదే మొదలు. కాళ్లూ చేతులూ కడుక్కుంది. తలమీది సున్నం దులుపుకోలేదు. బయటికి వచ్చి, "నడువు సుక్కీ" అంది.

బడి వరండాలో బల్ల వేశారు. విచారణకు వచ్చిన పెద్ద ఇంజనీరు బట్టతల మనిషి, కళ్లద్దాలు ముక్కు చివరికి జారి ఉన్నాయి. ఎదురుగా ఊరు సగం నిలబడి ఉంది. భద్రు వరండా కింద నేల మీద గొంతుకూర్చున్నాడు. తలరుమాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు. అహల్యను చూసి లేచి నిలబడ్డాడు. సుక్కి ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని పక్కనే నిలుచుంది. వెనక మోటారుసైకిల్ ఆగిన చప్పుడైంది. జగపతి వచ్చాడని చూడకుండానే తెలిసింది.

"మీరెవరమ్మా?" ఇంజనీరు అడిగాడు.

"సర్పంచ్ జగపతి గారి ఇంటామెను. సచ్చిపోయిన చంద్రమౌళి అక్కను."

ఇంజనీరు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

"భద్రు ఏ గుర్తు చూపెట్టలే సార్. వాడు బద్ద పట్టుకోని నిలవడ్డడు, అంతే. వాగు గుర్తు మా కొట్టం గోడ మీద ఉండె. గిప్పుడు గూడ ఉన్నది. వస్తె చూపెడ్త."

జనంలో గుసగుసలు లేచాయి. ఎవరో ఈల వేశారు. సుక్కి పట్టు ఇంకా బిగిసింది. ఎంత చిన్న మాట, చెప్పేస్తే ఎంత తేలిగ్గా ఉంది అనుకుంది అహల్య. తమ్ముడు పోయిన నాటి నుంచి ఆమెకు మొదటిసారి ఊపిరి సరిగ్గా ఆడింది.

"భద్రు చూపలేదని నాకూ తెలుసమ్మా," అన్నాడు ఇంజనీరు. "నిన్న సాయంత్రం పాత ఫైలు దొరికాక తెలిసింది."

అతను సంచిలోంచి ఒక ఫైలు తీశాడు. అట్ట అంచులు నిజంగానే చెదలు తిన్నాయి. లోపలి కాగితాలు మాత్రం బాగానే ఉన్నాయి. ఒక కాగితం దగ్గర ఆగి, కళ్లద్దాలు పైకి తోసుకుని చదివాడు.

"'పై స్థలము నా స్వంతము. నాకు తెలిసినంతలో వాగు నీరు ఈ కొట్టము పునాదిరాయి దాటి ఎన్నడును రాలేదు. గోడపై ఎట్టి గుర్తులును లేవు.' వంతెన ఎత్తు దీన్ని బట్టే నిర్ణయించారు." కాగితం ఆమె వైపు తిప్పాడు. "కింద సంతకం ఇదీ. మీదేనా అమ్మా?"

అహల్యాదేవి. దీర్ఘం ఇంకొంచెం సాగదీసి, కింద రెండు చుక్కలు పెట్టి. అలాంటి సంతకం ఏటిగడ్డలో ఇంకెవరికీ లేదు.

ఆమెకు ఆ మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఇంజనీర్లు లోపల భోజనాలు చేస్తున్నారు. తను వడ్డిస్తోంది. జగపతి వంటింటి గుమ్మంలోకి వచ్చి కాగితం, కలం ఇచ్చాడు. "రోడ్డుకు మన జాగల కొంత ఇస్తున్నం, అవ్వ నీ పేర రాసింది గద, నీ సంతకమే గావాల్నట" అన్నాడు. పప్పు గరిటె పక్కన పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఊరికి తొవ్వ ఇస్తున్నానని పొంగిపోతూ సంతకం పెట్టింది. చదవాలని కూడా అనిపించలేదు. మొగుడు తెచ్చిన కాగితాన్ని ఎవరు చదువుతారు?

రాకు, నీ మంచికే చెప్తున్న అన్నది ఇందుకన్నమాట.

ఆమె నోరు తెరవబోయింది. అంతకన్నా ముందు జగపతి గొంతు వినిపించింది.

"ఔను సార్. గది ఆమె సంతకమే."

జనం పక్కకు జరిగి దారి ఇచ్చారు. జగపతి బల్ల దగ్గరకు వచ్చాడు. అతని గొంతులో తొణుకు లేదు.

"నేను గా దినం ఊళ్లె లేను సార్. వరంగల్‌ల మీటింగుకు పోయిన. ఆడమనిషి, తెల్వక ఏదో రాసిచ్చింది. నాకు గీ మధ్యనే ఎర్కయింది. నా బామ్మర్ది పానం పోయింది సార్ దీనితోని. అయినా పెండ్లాం గద. బయట పెట్టుకోలేక భద్రు పేరు చెప్పిన. తప్పే. మాఫ్ చెయ్యుండ్రి."

చివరి మాటకు అతని గొంతు పూడుకుపోయింది. నిజంగానే పూడుకుపోయిందో, అదీ అలవాటైన విద్యో, ఇన్నేళ్లు కలిసి బతికిన అహల్యకే తెలియలేదు.

"సొంత తమ్మున్ని!" అంది జనంలో ఒక ముసలామె. "అయ్యో, జగపతి దొర ఎంత కడుపుల పెట్టుకున్నడు పాపం."

"మీరేమంటారమ్మా?" ఇంజనీరు మెల్లగా అడిగాడు. "ఆ రోజు మీ భర్త ఊళ్లో ఉన్నారా, లేరా? చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

ఉన్నారు. ఆనాటి ఇంజనీర్లు ఇప్పుడెక్కడున్నారో తెలియదు గాని, ఆ రోజు వాళ్ల వాకిట్లో విస్తరి వేసుకుని తిన్నవాడు ఇక్కడే ఉన్నాడు. జగపతి స్వయంగా దగ్గర నిలబడి, ఇంకొంచెం పెట్టుండ్రి భద్రుకు అని వంటింట్లోకి కేక వేశాడు కూడా. అహల్య భద్రు వైపు చూసింది.

భద్రు ఆమెను చూశాడు. జగపతిని చూశాడు. ఇంజనీరు చేతిలో తన పేరు లేని కాగితాన్ని చూశాడు. తర్వాత చేతిలోని తలరుమాలు దులిపి, నిదానంగా నెత్తికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

అహల్య చెయ్యి మీద సుక్కి చెయ్యి లేదు. అది ఎప్పుడు తీసేసిందో ఆమె గమనించలేదు.

అతని పేరు ఆమె చెప్పలేదు. చెప్పి ఏం లాభం? వాడు బతకాల్సింది ఈ ఊళ్లోనే, ఈ జగపతి కిందనే. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"సంతకం నాదే," అంది. "చదవకుంట పెట్టిన. కాయితం తెచ్చినాయన నా మొగడని పెట్టిన. ఆయన గా దినం ఊళ్లెనే ఉన్నడు. నా మాటకు సాక్షి లేరు సార్. అయినా రాసుకోండ్రి. మొదటికెల్లి చెప్త."

ఇంజనీరు కలం మూత తీశాడు.

జగపతి వంగి, అందరికీ వినపడేంత ప్రేమగా ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "నీ మనసు బాగలేదు అహల్యా. లెవ్వు. ఇంటికి పోదం."

అహల్య ఆ చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది.

"ఎవలింటికి?" అంది.